గ్రహణం రాత్రి, మిద్దె మీద దుర్భిణి

2025 సెప్టెంబర్ 5, శుక్రవారం. మీలాదున్నబీ కూడా ఆ రోజే వచ్చింది. జుమా నమాజు ముగిశాక మస్జిదు మైకులో ఒక ప్రకటన చేశారు. ఆదివారం రాత్రి చాంద్ గహన్ ఉంది, ఎవరి ఇళ్లలో వారు నఫిల్ నమాజులు చదువుకుని దుఆ చేసుకోవాలి అని దాని సారాంశం. మేము చెప్పులు వేసుకుంటుండగా జమాఅత్ పెద్ద ఒకరు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అన్నారు: "మౌల్వీ సాబ్, అమ్మాయి పురిటికి వచ్చి మీ ఇంట్లోనే ఉందట గదా. ఆదివారం రాత్రి జాగ్రత్త. తలుపులేసి లోపలే ఉంచండి. ఒకసారి జరిగింది చాలు."

"ఒకసారి జరిగింది" అంటే ఏమిటో మా ఊళ్లో అందరికీ తెలుసు. మా పెద్దమ్మాయి పైపెదవి మీద సన్నని గీత ఒకటుంది. పసితనంలో వేసిన కుట్ల గుర్తు అది. ఆమెకు ఇప్పుడు ఇరవై ఏడేళ్లు. ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. అల్లుడు కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

మా ఇల్లు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రానికి రెండు మైళ్ల లోపల. చుట్టూ వరి పొలాలు, రొయ్యల గుంటలు. మేము బడిలో ఉర్దూ చెబుతాము, సాయంత్రం పూట పిల్లలకు అరబ్బీ చదివిస్తాము. ఖగోళశాస్త్రం మా వృత్తి కాదు. అయినా ఆదివారం రాత్రి మా మిద్దె మీద ఒక చిన్న దుర్భిణి నిలబెట్టి, కడుపుతో ఉన్న అమ్మాయిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా చూశాము. ఆ సంగతే రాస్తున్నాము.

దుర్భిణి మా చిన్నవాడిది. (దుర్భిణి అన్న తెలుగు మాట మన దూర్‌బీన్ నుంచి వచ్చిందే. దూరాన్ని చూసేది అని పారసీ అర్థం.) 2023 జూలై 14, అది కూడా శుక్రవారమే. జుమా చదువుకుని బయటికి వచ్చినవాళ్లమంతా ఇళ్లకు పోకుండా దక్షిణం వైపు చూస్తూ నిలబడ్డాము. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోటలో చంద్రయాన్-3 లేచింది. శ్రీహరికోట 2022 ఏప్రిల్ దాకా మా నెల్లూరు జిల్లాదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. జిల్లా మారినా పొగ చార మాకు కనిపిస్తూనే ఉంది. ఆ ఆగస్టు 23న అది చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. అప్పటి నుంచి మావాడికి చంద్రుని పిచ్చి పట్టింది. చెన్నైలో ఉద్యోగం వచ్చాక జీతంలో దాచుకుని ఈ దుర్భిణి కొన్నాడు. 70 మిల్లీమీటర్ల కటకం, మూరన్నర గొట్టం, మూడు కాళ్ల స్టాండు. వస్తువును 28 రెట్లు పెద్దగా చూపే కంటి కటకం ఒకటి, 70 రెట్లు చూపేది మరొకటి. సముద్రం గాలికి స్టాండు వణుకుతుంది. అందుకని సంచిలో రెండు ఇటుకలు వేసి దాని కాళ్ల మధ్య వేలాడదీస్తాము.

గ్రహణానికి వారం ముందు, ఆగస్టు 31న, చంద్రుడు సగం ఉన్నాడు. చంద్రుని గుంటలు చూడాలంటే అదే మంచి రోజు. పున్నమి నాడు వెలుగు నేరుగా పడి గుంటలన్నీ సున్నం కొట్టిన గోడలా చదునుగా కనిపిస్తాయి. సగం చంద్రుడి మీద వెలుగు చీకట్లు కలిసే గీత దగ్గర మాత్రం గుంటల అంచులకు నీడలు పొడుగ్గా సాగి, లోతు తెలుస్తుంది. మావాడు పటం చేత్తో పట్టుకుని ఒక్కొక్క పేరు చదివాడు: "అల్బతేనియస్. ఆర్జాకెల్. థెబిత్." మేము ఉలిక్కిపడ్డాము. అల్బతేనియస్ అంటే మన అల్ బత్తానీ. రఖ్ఖా పట్టణంలో నక్షత్రాలను లెక్కించి క్రీ.శ. 929లో కన్నుమూసిన మహానుభావుడు. ఆర్జాకెల్ అంటే స్పెయిన్ దేశపు తులైతులాలో ఉండిన అజ్జర్ఖాలీ. థెబిత్ అంటే సాబిత్ బిన్ ఖుర్రా. 1651లో ఇటలీ దేశపు పాదరీ రిచ్చోలీ చంద్రుని పటం అచ్చు వేయిస్తూ ఈ పేర్లు పెట్టాడట. మదరసాలో మేము చదువుకునే రోజుల్లో ఇల్మె హైఅత్ కింద 'తష్రీహుల్ అఫ్లాక్' అనే గ్రంథం పాఠంగా ఉండేది. గోళాలు, వలయాలు, కోణాలు అన్నీ కంఠస్థం చేశాము. ఉస్తాదు గాని, మేము గాని ఒక్క రాత్రి పైకి తలెత్తి వాటిని చూసిన జ్ఞాపకం లేదు.

ఇక ఆ పాత సంగతి. పత్రికకు ఎక్కించదగిన విషయమా అని చాలా ఆలోచించాము. మా ఇంటావిడ రాయమంది.

1997 సెప్టెంబర్ 16, మంగళవారం. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పట్టు పదిన్నర దాటాక, విడుపు తెల్లవారుజామున రెండు గంటలకు కొంచెం ముందు. మా ఇంటావిడకు తొలిచూలు, ఆరో నెల. మేము ఏదో పని మీద మైపాడు పోయి, ఆలస్యంగా ఒడ్డుకు వచ్చిన పడవ దగ్గర కానాగంతలు కొనుక్కుని ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. చేపలను అప్పుడే కోసి ఉప్పు, పసుపు పట్టించకపోతే తెల్లారేసరికి పనికిరావు. ఆమె ఏమీ అనకుండా పెరట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంది. పొరుగింటావిడ గోడ మీద నుంచి చూసి, "అమ్మా, గ్రహణం పట్టింది, కత్తి పట్టుకున్నావా!" అన్నది. మేము ఆ మాట విన్నాము. ఆకలి మీద ఉన్నాము, పట్టించుకోలేదు.

1998 జనవరిలో, రంజాన్ నెలలో, నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పైపెదవి ఎడమ వైపు ముక్కు దాకా చీలి ఉంది. తెలుగులో దానికి 'గ్రహణం మొర్రి' అని పేరు. ఆ పేరులోనే తీర్పు ఉంది. చూడవచ్చిన ఆడవాళ్లంతా ఆ తీర్పే చెప్పి పోయారు. మా ఆపా, అంటే మా పెద్దక్క, మా ఇంటావిడ ముఖం మీదే, "నీ కత్తి నా తమ్ముడి బిడ్డ మూతి మీద పడింది" అన్నది.

అప్పటికి మేము మస్జిదులో వారం వారం హదీసు పాఠం చెబుతుండేవాళ్లము. గ్రహణం గురించిన హదీసు మాకు అరబ్బీలో నోటికి వచ్చు. నోరు విప్పలేదు. అంతటితో ఆగినా బాగుండేది. చాలీస్ ముగిసిన తర్వాత ఒక రాత్రి మేమే ఆమెను అడిగాము: "ఆ రోజు నువ్వు కత్తిపీట ముందు ఎంతసేపు కూర్చున్నావు?" ఆమె మా వైపు చూసి, "మీరు తెచ్చిన చేపలు ఎన్ని ఉన్నాయో అంతసేపు" అన్నది.

బిడ్డను చెన్నైకి తీసుకుపోయాము. అక్కడి సర్జన్ గారు లెక్క చెప్పారు. బిడ్డకు పది వారాలు నిండాలి, పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు తూగాలి, రక్తంలో హిమోగ్లోబిన్ పది ఉండాలి, అప్పుడు కుట్టవచ్చు అన్నారు. మేము సిగ్గుపడుతూనే గ్రహణం సంగతి అడిగాము. ఆయన నవ్వలేదు. కాగితం మీద శిశువు ముఖం గీసి చూపించారు. కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తుందట. పైపెదవి కలిసే పని గర్భం రెండో నెల దాటేసరికే అయిపోతుంది. అప్పుడు కలవకపోతే చీలికగా మిగులుతుంది. వంశంలో ఉండటం, ఫోలిక్ ఆమ్లం లోపం, పొగతాగడం, మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఇలాంటివి కారణం కావచ్చు. చాలాసార్లు ఫలానా కారణమని వేలు పెట్టి చూపలేము అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని వేళ్ల మీద లెక్క వేశాము. బిడ్డ పుట్టింది జనవరిలో. కడుపున పడింది ఏప్రిల్‌లో. పెదవి కలవవలసిన గడువు జూన్‌తో తీరిపోయింది. గ్రహణం పట్టింది సెప్టెంబర్‌లో. ఆ కత్తిపీట ముందు ఆమె కూర్చునేనాటికి బిడ్డ పెదవి ఎలా ఉండాలో అలా తయారై మూడు నెలలయింది. చదువు రానివాడు కూడా వేయగలిగిన లెక్క. ఇంటికి వచ్చి ఆమెకు చెప్పాము. ఆమె మొత్తం విని, "ఆపాకు చెప్పండి" అన్నది.

మేము చెప్పలేదు. ఆపా పెద్దది, మమ్మల్ని ఎత్తుకుని పెంచింది, నొచ్చుకుంటుంది అనుకున్నాము. బిడ్డకు ఆపరేషన్ అయింది, పెదవి కలిసింది, ఆ మాట ఇక ఎందుకులే అనుకున్నాము. ఆ తర్వాత పుట్టిన పిల్లలు కడుపులో ఉన్నప్పుడు గాని, లేనప్పుడు గాని, గ్రహణం అంటే మా ఇంటావిడ గది తలుపు వేసుకునేది. ఇరవై ఏడేళ్లలో ఒక్క గ్రహణమూ చూడలేదు.

మా నోట ఆగిపోయిన ఆ హదీసు సంగతి ఇది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి హజ్రత్ మారియా (రజి) వల్ల కలిగిన కుమారుడు ఇబ్రాహీం ఏడాదిన్నర పసివాడుగా కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. ప్రవక్త కుమారుడు పోయినందుకు సూర్యుడే చీకటి పడ్డాడని మదీనా ప్రజలు చెప్పుకోసాగారు. బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తండ్రి ఆయన. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. జనం అనుకునే మాట ఆయన గౌరవాన్ని పెంచేదే గాని తగ్గించేది కాదు. ఊరుకుంటే సరిపోయేది. ఆయన ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలు, ఎవరి చావు వల్ల గాని, ఎవరి పుట్టుక వల్ల గాని వాటికి గ్రహణం పట్టదు, దాన్ని చూసినప్పుడు నమాజు చేయండి, దుఆ చేయండి అని ప్రజలకు తెలియజెప్పారు. హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) ఉల్లేఖనంలోనూ, మరికొందరు సహాబాల ఉల్లేఖనాల్లోనూ దీని భావం ఇదే. చావు వల్ల గాని అని మాత్రమే అనలేదు, పుట్టుక వల్ల గాని అని కూడా అన్నారు. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న మాకు ఆ రెండో మాట మా ఇంట్లోకి వచ్చి నిలబడేదాకా వినబడలేదు.

మరొక ఉల్లేఖనం ఉంది. గ్రహణం పట్టిన వేళ హజ్రత్ అస్మా (రజి) తమ చెల్లెలు హజ్రత్ ఆయిషా (రజి) ఇంటికి వచ్చారు. జనమంతా నమాజులో నిలబడి ఉన్నారు, ఆయిషా కూడా నిలబడి ఉన్నారు. ఏమయిందని అడిగితే ఆమె ఆకాశం వైపు చూపించారు. అస్మా కూడా నిలబడ్డారు. నమాజు ఎంత దీర్ఘంగా సాగిందంటే, ఆమెకు కళ్లు తిరిగి తల మీద నీళ్లు పోసుకున్నారు. గ్రహణం వేళ స్త్రీలు ఎక్కడ ఉన్నారో దీన్నిబట్టి తెలుస్తుంది. చీకటి గదిలో అయితే లేరు.

మా పొరుగువారి ఆచారాల మీద మాకు మాట లేదు. వారు నీళ్ల బిందెల్లో గరిక వేసుకుంటారు, పట్టు స్నానం, విడుపు స్నానం చేస్తారు. అది వారి ఇష్టం. వారి పూర్వులలోనే ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి గ్రంథంలో చంద్రగ్రహణం భూమి నీడ అని రాశాడు. వరాహమిహిరుడూ అదే చెప్పాడు. మన దేశం వచ్చి సంస్కృతం నేర్చుకున్న అల్ బీరూనీ ఆ సంగతులన్నీ చదివి తన గ్రంథంలో చేర్చాడు. చంద్రుని దారి భూమి దారిని ఖండించే రెండు చోట్లను వీరు రాహువు, కేతువు అన్నారు, అరబ్బులు రాస్, జనబ్ అన్నారు. అంటే తల, తోక. పామును చూసిన భయం ఇద్దరిదీ ఒకటే, లెక్కా ఒకటే. మేము రాస్తున్నది మా ఇంటి సంగతి. హదీసు ఇంట్లో ఉండి కూడా తలుపులు వేసుకున్న ఇంటి సంగతి.

సెప్టెంబర్ 7, ఆదివారం. అసర్ వేళకు ఆపా వచ్చేసింది. డెబ్బై దాటిన మనిషి, బస్సు దిగి ఆటోలో వచ్చింది. సంచిలో తాళం కప్ప ఒకటి తెచ్చుకుంది. అమ్మాయి గదికి బయట నుంచి వేయడానికి. "ఈ రాత్రి గడిచేదాకా తాళం చెవి నా కొంగుకే ఉంటుంది" అన్నది.

చాయ్ తాగాక మేము ఆమె ఎదురుగా కింద కూర్చున్నాము. ఇంట్లో అందరూ ఉన్నారు. "ఆపా, ఒక లెక్క చెబుతాను వినండి" అని మొదలుపెట్టి జనవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబర్ చెప్పాము. చేపలు తెచ్చింది ఎవరో కూడా చెప్పాము. ఆపా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా ఇంటావిడ వైపు చూడకుండా మమ్మల్నే అడిగింది: "ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?" బిడ్డకు మూడు నెలలున్నప్పుడు అన్నాము. "మరి ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు?" అన్నది. మా దగ్గర జవాబు లేదు.

తాళం ఆమె సంచిలోనే ఉండిపోయింది. మిద్దె మీదికి మాత్రం రానన్నది. మెట్ల కింద జానమాజ్ వేసుకుని తస్బీహ్ పట్టుకుని కూర్చుంది.

ఇషా చదువుకుని పైకి ఎక్కాము. చంద్రుడు ఆగ్నేయం వైపు బాగా పైకి వచ్చాడు. 8 గంటల 58 నిమిషాలకు పలచని ఉపచ్ఛాయ మొదలయిందని మావాడు గడియారం చూసి చెప్పాడు గాని, కంటికి ఏ తేడా తెలియలేదు. ఆ ఖాళీలో దుర్భిణిని శని గ్రహం వైపు తిప్పాడు. చంద్రునికి ఎడమగా, కొంత దిగువన, మినుకుమనకుండా వెలుగుతోంది. వలయం చూద్దామని అందరం ఆశపడ్డాము. 2025లో శని వలయం మనకు దాదాపు అంచు వైపు నుంచి కనిపిస్తున్నది. అందుకని రేగుపండుకు సూది గుచ్చినట్టు సన్నని గీత తప్ప ఏమీ లేదు. "డబ్బులు దండగ" అన్నది మా చిన్నమ్మాయి.

9 గంటల 57 నిమిషాలకు అసలు పట్టు. చంద్రుని ఎడమ కింది అంచు మీద మసి చేత్తో తాకినట్టు ఒక మరక. మా దుర్భిణిలో కుడి ఎడమలు తారుమారు కనుక అందులో అది కుడి వైపు కనిపించింది. 28 రెట్ల కటకంలో చంద్రుడు మొత్తం పడతాడు. నాలుగైదు నిమిషాలకు ఒకసారి అంచు దాటి పోతాడు, మళ్లీ జరిపి తేవాలి. భూమి తిరుగుతున్నదని బడిలో ఎన్నిసార్లు చెప్పామో. ఆ గొట్టం జరిపినప్పుడు మాత్రం నిజంగా తిరుగుతున్నదనిపించింది.

నీడ అంచు వంపుగా ఉంది. అది మన భూమి వంపు. చంద్రుడు ఉండే దూరంలో భూమి నీడ అడ్డం సుమారు 9,000 కిలోమీటర్లు, చంద్రుని అడ్డం 3,474. అంత పెద్ద నీడ ప్రతి పున్నమికీ ఎందుకు పట్టదని మా చిన్నమ్మాయి అడిగింది. చంద్రుని దారి అయిదు డిగ్రీలు వాలుగా ఉంటుంది, అందుకని చాలా నెలలు నీడకు పైనో కిందో తప్పుకుని పోతాడు. నీడ ముందు గ్రిమాల్డీ అనే నల్లని మరకను మింగింది, తర్వాత కొపర్నికస్ గుంటను. ఆలస్యంగా నీడలో పడినవాటిలో ఒకటి అవతలి అంచు దగ్గర గుండ్రటి నల్లని మైదానం. దాని తూర్పు ఒడ్డునే ఇబ్నుల్ హైసమ్ పేరు పెట్టిన గుంట ఉంది, అల్హాజెన్ అంటారు. పున్నమి వెలుగులో మా దుర్భిణికి అది దొరకలేదు. చోటు మాత్రం చూసుకున్నాము.

పదిన్నరకు సముద్రం వైపు నుంచి మబ్బు వచ్చి పావుగంట కప్పేసింది. అది పోయేసరికి కటకం మీద చెమ్మ. మేము తొందరపడి లుంగీ అంచుతో తుడిచాము. ఉప్పు గాలి, చెమ్మ కలిసి కటకమంతా అలికినట్టయింది. మావాడు ఏమీ అనలేక తల పట్టుకున్నాడు. అమ్మాయి విసనకర్రతో మెల్లగా విసిరితే ఆరింది. కటకాన్ని గుడ్డతో తుడవకూడదట. పాఠకులెవరైనా కొనుక్కుంటే గుర్తుంచుకోగలరు. ఇంకొకటి, చంద్రగ్రహణాన్ని ఉత్త కంటితో చూసినా, దుర్భిణితో చూసినా ఏ అపాయమూ లేదు. సూర్యుని వైపు మాత్రం దుర్భిణి తిప్పకూడదు, కళ్లు పోతాయి.

11 గంటల 1 నిమిషానికి చంద్రుడు పూర్తిగా నీడలోకి పోయాడు. పోలేదు కూడా. ఎర్రగా తేలాడు. అమ్మాయి చూసి, "ఎరుపు కాదబ్బా, రాగి చెంబు లోపలి రంగు" అన్నది. పై భాగం ముదురుగా, కింది అంచు కొంచెం లేతగా ఉంది. చంద్రుడు నీడ మధ్యకు కాస్త దక్షిణంగా పోతున్నందువల్ల ఆ తేడా. సూర్యుని వెలుగు భూమి చుట్టూ ఉన్న గాలిలో వంగి, నీలం చెదిరిపోయి, ఎరుపు మాత్రమే మిగిలి అక్కడికి చేరుతుంది. ఆ ఘడియలో భూమి అంచున ఎక్కడెక్కడ ఫజ్ర్ అవుతున్నదో, ఎక్కడెక్కడ మగ్రిబ్ అవుతున్నదో, ఆ వెలుగంతా చంద్రుని మీద పడుతున్నదన్న మాట.

అప్పుడే కువైట్ నుంచి అల్లుడు ఫోను చేశాడు. డ్యూటీ దిగి మేడ మీద నిలబడి చూస్తున్నాడట. "ఇప్పుడే మొత్తం ఎర్రబడింది, ఇక్కడ 8 గంటల 31 నిమిషాలు" అన్నాడు. మాకు చటుక్కున అల్ బీరూనీ గుర్తుకు వచ్చాడు. క్రీ.శ. 997లో, ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు ఖ్వారిజంలోని కాస్ పట్టణంలో కూర్చుని, బగ్దాదులో ఉన్న అబుల్ వఫాతో ముందే మాట్లాడుకుని, ఇద్దరూ ఒకే చంద్రగ్రహణాన్ని చూశారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో పడుతుంది. రెండు ఊళ్ల పొద్దు మాత్రం వేరు. ఆ రెండు వేళలకూ తేడా సుమారు గంట వచ్చింది. దాన్నిబట్టి రెండు ఊళ్ల మధ్య రేఖాంశం తేడా కట్టారు. మాకూ అల్లుడికీ గడియారంలో రెండున్నర గంటలు తేడా. గడియారాలు ప్రభుత్వాలు పెట్టుకున్నవి. పొద్దు లెక్కన అయితే 32 డిగ్రీలకు రెండు గంటల పది నిమిషాల లోపే. కాగితం మీద వేసి చూపితే అమ్మాయి, "మేము రోజూ ఫోనులో తిప్పలు పడే లెక్క ఇదేనా" అని నవ్వింది. ఫోను ఆమెకు ఇచ్చి మేము పక్కకు జరిగాము.

ఇంటి మీద నుంచి ఆకాశం చూడటం మన తెలుగువారికి కొత్త కాదు. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకున్నారు. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్ బండలోని తమ ఎస్టేటులో 15 అంగుళాల దుర్భిణి తెప్పించి నిలబెట్టారు. నిజామియా వేధశాల పుట్టింది అక్కడే. వారు జమీందారులు, నవాబులు. ఇప్పుడు మా చిన్నవాడిలాంటివాడు జీతంలో దాచుకుని కొనుక్కుంటున్నాడు.

11 గంటల 20 నిమిషాలప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. మా ఇంటావిడ. మెట్ల కింద ఆపా పక్కన నమాజు చదువుకుని, తల మీద దుపట్టా సర్దుకుంటూ పైకి వచ్చింది. ఎవరమూ పిలవలేదు. చివరి మెట్టు మీద ఆగి తల ఎత్తకుండానే నిలబడింది. అమ్మాయి లేచి వచ్చి, "అమ్మీ, ఇక్కడ" అని చేయి పట్టుకుని దుర్భిణి దగ్గరకు తెచ్చింది. ఆమె వంగి కన్ను పెట్టింది. చంద్రుడు అంచు దాటిపోయేదాకా అలాగే చూసింది. తర్వాత తల ఎత్తి ఉత్త కంటితో చూసింది.

"ఇంతేనా?" అన్నది.

ఆ తర్వాత చాపేసుకుని మిద్దె మీదే కూర్చుంది. 12 గంటల 22 నిమిషాలకు అంచున మళ్లీ వెలుగు గీత వచ్చింది. సంపూర్ణం మొత్తం 82 నిమిషాలు. చంద్రగ్రహణం నమాజు మా హనఫీ మార్గంలో జమాఅత్‌గా కాక ఎవరి ఇంట్లో వారు చదువుకునేది. మరికొన్ని మార్గాల్లో జమాఅత్ ఉంది, ప్రతి రకాతుకు రెండు రుకూలు ఉన్నాయి. మేము మిద్దె మీదే రెండు రకాతులు చదువుకున్నాము. అమ్మాయి కుర్చీలో కూర్చునే చదివింది. 1 గంట 26 నిమిషాలకు చంద్రుడు పూర్తిగా విడిచాడు. కిందికి దిగేసరికి ఆపా జానమాజ్ మీదే ఒరిగి నిద్రపోతున్నది. దేశమంతటా మొదటి నుంచి చివరిదాకా కనిపించే సంపూర్ణ చంద్రగ్రహణం మళ్లీ 2028 డిసెంబర్ 31 రాత్రి అని మావాడు గోడ మీద క్యాలెండర్ పక్కన పెన్సిలుతో రాసిపెట్టాడు.

నవంబరులో కాన్పు అయింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇక్కడిదాకా చదివినవారు ఒక ప్రశ్న అడుగుతారని మాకు తెలుసు. బిడ్డ పెదవి ఎలా ఉందన్నది ఇక్కడ రాయము. బాగుందని రాస్తే అదృష్టం బాగుండి తప్పించుకున్నారు అంటారు, మరొకటి రాస్తే చెప్పలేదా అంటారు. ఎలా ఉన్నా దాని పని ఏప్రిల్, మే నెలల్లోనే పూర్తయింది. అయిదో నెల స్కానింగులో డాక్టరమ్మ చూసి చెప్పిన మాట మా ఇంటి మాట. పెదవి చీలికతో పుట్టిన బిడ్డ ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకంలో, అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, ఇది చేరి ఉంది. ఉచితంగా ఆపరేషన్ చేయించే సేవా సంస్థలు కూడా మన దేశంలో ఉన్నాయి. బరువు పెరగగానే తీసుకుపోవాలి.

చూడటానికి చాలామంది వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు ఉయ్యాల మీదికి వంగి, ఏదీ అడగక ముందే, బిడ్డ గడ్డం దాకా కప్పిన గుడ్డను వేలితో కిందికి జరిపి చూశారు. మా ఇంటావిడ మొదటి రోజు ఊరుకుంది. రెండో రోజు జమాఅత్ పెద్దగారి ఇంటివాళ్లు వచ్చి వంగినప్పుడు ఉయ్యాల కొయ్య పట్టుకుని, "ముందు పేరు అడగండి" అన్నది.